పిల్లల బొమ్మ గోడెక్కాక

తెలుగువాళ్ల ఇళ్లలో హాల్లో ఉన్న షోకేసు చూస్తే ఆ ఇంటి పిల్లల గురించి చాలానే తెలుస్తుంది. ఒలింపియాడ్ మెడల్, యాన్యువల్ డేలో ఇచ్చిన షీల్డు, అబాకస్ సర్టిఫికెట్, నల్లకోటు వేసుకుని దిగిన యూకేజీ గ్రాడ్యుయేషన్ ఫోటో, అన్నీ వరుసగా ఉంటాయి. అదే పిల్లలు రోజూ కింద కూర్చుని వేసిన బొమ్మలు మాత్రం అక్కడ కనబడవు. అవి సోఫా కింద, టీవీ స్టాండు సొరుగులో, పాత నోటుబుక్కుల వెనక పేజీల్లో ఉంటాయి. ఏడాది చివర పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోతాయి. తల్లిదండ్రుల ప్రేమకు ఇందులో లోటేమీ లేదు. గెలిచి తెచ్చినదాన్ని నలుగురికీ చూపించడం మనకు అలవాటు. ఊరికే కూర్చుని చేసుకున్నదాన్ని చూపించే అలవాటు తక్కువ.

ఈ మధ్య పరిస్థితి కొంత మారింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త ఫ్లాటులో దిగిన కుటుంబాలు పిల్లల గదిలో ఒక గోడను బొమ్మలకే వదిలేస్తున్నాయి. ఫ్రేములు కట్టిస్తున్నారు, లామినేషన్ చేయిస్తున్నారు, క్లిప్పులున్న తీగలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారు. మంచి మార్పే. కాకపోతే గోడ మీదికి ఏ బొమ్మ ఎక్కుతోంది, దాన్ని ఎవరు ఎంచుతున్నారు, ఎవరు చూడాలని పెడుతున్నారు అన్నది ముఖ్యం. బొమ్మను కూడా షీల్డులాగే పెడితే ఆ గోడ ఇంకో షోకేసు అవుతుంది. అప్పుడు పిల్లలకు బొమ్మల మీదున్న ఇష్టమే తగ్గిపోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదానికి ఆధారం ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన నర్సరీ స్కూల్లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. ఎవరూ చెప్పకుండానే స్కెచ్‌పెన్నులు తీసుకుని బొమ్మలు వేసుకునే చిన్నపిల్లలను వాళ్లు ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఇంకొందరికి ముందు ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత క్లాసులో మళ్లీ స్కెచ్‌పెన్నులు పెట్టి, ఎవరు ఎంతసేపు వాటితో గడుపుతున్నారో గమనించారు. సర్టిఫికెట్ వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు, మిగతా రెండు గుంపుల పిల్లలు కూర్చున్నదాంట్లో దాదాపు సగం సేపే బొమ్మల దగ్గర కూర్చున్నారు. సర్టిఫికెట్ కోసం వేసిన రోజున వాళ్ల బొమ్మలు కూడా కాస్త నాసిగానే వచ్చాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు. అంటే మెచ్చుకోవడం వల్ల చెడు జరగలేదు, మెప్పును ముందే ఎరగా చూపించడం వల్ల జరిగింది. దీన్ని ఇంటికి అన్వయిస్తే, పిల్లవాడు వేసుకున్న బొమ్మను తర్వాత గోడకు పెట్టడం ఒక పని, "బాగా వేస్తే గోడకు పెడతా" అని ముందే చెప్పి వేయించడం పూర్తిగా వేరే పని. రెండో దాంట్లో గోడ కూడా సర్టిఫికెట్ అయిపోతుంది.

అలా అయిపోయిన ఇళ్లలో ఏం కనిపిస్తుందో చాలామందికి తెలుసు. సీనరీ! రెండు కొండలు, మధ్యలోంచి సూర్యుడు, కొండల మధ్య నుంచి కిందికి జారే ఏరు, ఏటి గట్టున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు. పుట్టినప్పటి నుంచీ నాలుగో అంతస్తులో ఉంటున్న పిల్ల కూడా ఇదే వేస్తుంది. గుడిసె ఎప్పుడూ చూసి ఉండదు. ఎవరో ఒకరు నేర్పారు, వేయగానే అందరూ "అబ్బ, ఎంత బాగా వేసిందో" అన్నారు, గోడకు పెట్టారు. ఇక రెండో బొమ్మా అదే, పదో బొమ్మా అదే. ఏం వేస్తే మెచ్చుకుంటారో పిల్లలకు చాలా తొందరగా తెలిసిపోతుంది. తెలిశాక తాము నిజంగా చూసినవి వేయడం మానేస్తారు.

దీని పక్కన ఇంకో బొమ్మ పెట్టి చూడండి. యూకేజీ పిల్ల వేసిన ఇల్లు అనుకుందాం. గోడ ఉంది, కానీ గోడలోంచి లోపలున్న గ్యాస్ సిలిండరు, మంచం, మంచం పక్కన నిలబడ్డ నానమ్మ కనిపిస్తున్నారు. నానమ్మ తలుపుకంటే ఎత్తుగా ఉంది. చేతికి ఆరు వేళ్లున్నాయి, చెవులు లేవు, ముక్కుపుడక మాత్రం ఎర్రగా, పెద్దగా ఉంది. ఒక మూల నాన్న బండి మీద ఉన్నాడు. బండిని పక్క నుంచి వేసినా రెండు అద్దాలూ, రెండు పిడులూ కనిపిస్తున్నాయి. పెద్దవాళ్ల కంటికి అన్నీ తప్పులే. ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్ హెన్రీ లూకే పిల్లల బొమ్మల మీద 1927లో వేసిన పుస్తకంలో దీన్ని చక్కగా వివరించాడు. ఈ వయసు పిల్లలు కంటికి కనిపించేది వేయరు, తమకు తెలిసినది వేస్తారు. ఇంట్లో సిలిండరు ఉందని పిల్లకు తెలుసు, కాబట్టి గోడ అడ్డం రాదు. బండికి రెండు అద్దాలుంటాయని తెలుసు, కాబట్టి రెండూ వేస్తుంది. నానమ్మ ఎత్తు, ముక్కుపుడక సైజు కూడా ఆ లెక్కలోవే. (నాన్న చిన్నగా ఉన్నాడు కాబట్టి ఆయన మీద ప్రేమ లేదేమో అని అర్థాలు తీసి ఇంట్లో టెన్షన్ పెట్టుకోవద్దు. కాగితంలో ఆ మూలే మిగిలి ఉండవచ్చు.)

సీనరీకీ ఈ ఇంటికీ మధ్య గోడ మీద ఒక్క చోటే ఉంటే, ఆ చోటు ఈ ఇంటిదే. అందులో ఆ పిల్ల ఉంది, ఆ ఇల్లుంది, ఆ ఏడాది ఉంది. చాలా ఇళ్లలో మాత్రం సీనరీ ఫ్రేములోకి ఎక్కుతుంది, ఆరు వేళ్ల నానమ్మ చెత్తబుట్టలోకి వెళ్తుంది. చుట్టాలు వస్తే నవ్వుతారేమో అన్న మొహమాటమే దీనికి కారణం.

అందుకే ఏది పెట్టాలన్నది పిల్లలనే తేల్చనివ్వాలి. "వీటిలో ఏది పెడదాం?" అని అడిగితే చాలాసార్లు పెద్దలు అస్సలు ఊహించనిది తీస్తారు. కాగితం నిండా నల్ల క్రేయాన్ రుద్దేసినది కావచ్చు. ఎందుకని అడిగితే "కరెంటు పోయింది" అనవచ్చు. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణంలో లోరిస్ మాలగుత్సీ అనే విద్యావేత్త చేతుల్లో రూపుదిద్దుకున్న శిశు పాఠశాలల్లో దీనికి మంచి పద్ధతి ఉంది. అక్కడ పిల్లల బొమ్మను ఒంటరిగా పెట్టరు. వేస్తున్నప్పుడు పిల్లలు ఏమన్నారో ఆ మాటలు కూడా రాసి పక్కన పెడతారు. ఇంట్లో ఇది చేయడానికి ఖర్చేమీ లేదు. చిన్న చీటీ మీద "కరెంటు పోయింది, అందరం మెట్ల మీద కూర్చున్నాం" అని పిల్లల మాట పిల్లల మాటగానే రాసి కింద అంటిస్తే చాలు. ఆ చీటీ చదివిన చుట్టాలెవరూ నల్ల కాగితాన్ని చూసి నవ్వరు. కూర్చుని పిల్లవాడిని కబుర్లు అడుగుతారు.

బొమ్మను చూసి పెద్దలు వాడే మాటలు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే నిమిషంలో "సూపర్ కన్నా", "వెరీ నైస్ బంగారం", నాలుగు బొటనవేళ్లు వచ్చి పడతాయి. డాలస్‌లో ఉన్న మనవడి బొమ్మకు గుంటూరులోని అమ్మమ్మ నుంచి వచ్చేదీ ఇదే. ప్రేమతోనే పెడతారు, కానీ ఆ మాటల్లో బొమ్మ గురించి ఏమీ లేదు. అదే అమ్మమ్మ వీడియో కాల్‌లో "ఆ కుక్కకి గొడుగు ఎందుకేశావురా?" అని అడిగితే, ఆవిడ నిజంగా చూసిందని వాడికి తెలుస్తుంది. గోడ చేయాల్సిన పని కూడా అదే. వచ్చేపోయేవాళ్లు ఆగి ఒక ప్రశ్న వేసేలా చేయడం.

ఇక ఎత్తు సంగతి. చాలా మ్యూజియంలు బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 57 అంగుళాల ఎత్తున వచ్చేలా వేలాడదీస్తాయి. అది నిలబడ్డ పెద్ద మనిషి కంటికి సరిపడే ఎత్తు. అయిదేళ్ల పిల్లల సగటు ఎత్తు 110 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది, కళ్లు అంతకంటే నాలుగు అంగుళాలు కిందకి. అంటే నేల నుంచి మూడడుగుల చిల్లర. మన ఇళ్లలో పిల్లల బొమ్మలు ఎక్కడుంటాయి? గడియారం పక్కన, దేవుడి క్యాలెండరు కింద, అయిదున్నర అడుగుల ఎత్తున. ఆ ఎత్తులో పెడితే పిల్లలకు మెడ నొప్పి తప్ప ఏమీ కనబడదు. మూడడుగుల దగ్గర పెడితే రోజూ దాని ముందు నిలబడతారు, వేలు పెట్టి చూపిస్తారు, ఏదో ఒకటి కలపాలనిపిస్తే పెన్సిలు తెచ్చి కలుపుతారు. కలపనివ్వండి. గోడెక్కినంత మాత్రాన బొమ్మ అయిపోయినట్టు కాదు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు అసలు ఇబ్బంది గోడతోనే. మేకు కొడితే ఓనరు ఊరుకోడు. డిస్టెంపర్ వేసిన గోడకు సెల్లోటేపు అంటిస్తే, లాగినప్పుడు రంగు పెచ్చులుగా ఊడి వస్తుంది, ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది. ఇంతకంటే తేలికైన చోటు చాలా ఇళ్లలో ఉంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇనప బీరువా! దాని పక్క భాగం పెద్ద రేకు పలక. అయస్కాంతాలు గట్టిగా అంటుకుంటాయి, కింది సగం పిల్లల ఎత్తులోనే ఉంటుంది, ఓనరుతో పని లేదు. ఇప్పుడొస్తున్న గాజు తలుపు ఫ్రిజ్‌లకు అయస్కాంతాలు నిలవవు కాబట్టి ఫ్రిజ్ కంటే బీరువాయే నయం. అయస్కాంతాలు కొనేటప్పుడు బటాణీ గింజంత ఉండే బలమైనవి మాత్రం వద్దు. చిన్నపిల్లలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. వెడల్పుగా, పలచగా ఉండేవి చాలు.

బీరువా పక్క భాగం గోడకు ఆనుకుని ఉంటే తలుపుల సంగతి చూడొచ్చు. ఎనామిల్ పెయింటు వేసిన చెక్క తలుపుకు మాస్కింగ్ టేపు అంటిస్తే రంగు ఊడదు, జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి తుడిస్తే పోతుంది. కిటికీ ఊచలకు ఒక కొస, కర్టెన్ రాడ్డుకు ఒక కొస కట్టిన పురికొస, బట్టల క్లిప్పులు మరో దారి. ఎనిమిది అడుగుల పురికొస మీద ఏ4 కాగితాలు నిలువుగా, మధ్యలో రెండేసి అంగుళాలు వదిలితే తొమ్మిది పడతాయి. తొమ్మిది చాలు. ఎక్కువైతే ఏదీ కనబడదు. పదో బొమ్మ రావాలంటే ఒకటి దిగాలి, ఏది దిగాలో పిల్లలే చెబుతారు. ఆ మార్పిడి ఆగిపోతేనే గోడ పాతబడుతుంది. ఆరు నెలలుగా కదలని బొమ్మను ఇంట్లో ఎవరూ చూడరు, వేసిన పిల్లలు కూడా చూడరు.

చదువుకునే బల్ల ఎదురుగా ఉన్న గోడను మాత్రం ఖాళీగా ఉంచడం మేలు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, కిండర్‌గార్టెన్ పిల్లలకు గోడల నిండా చార్టులు, బొమ్మలు ఉన్న గదిలో కొన్ని పాఠాలు, ఖాళీ గోడలున్న గదిలో కొన్ని పాఠాలు చెప్పారు. గోడలు నిండిన గదిలో పిల్లల చూపు ఎక్కువగా పక్కకు పోయింది, పాఠం తర్వాత అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులూ తగ్గాయి. చేసింది తక్కువమంది పిల్లలతోనే, అదీ తరగతి గదిలో. అయినా ఇంట్లో పాటించడానికి కష్టమైన విషయమేమీ కాదు. బొమ్మల చోటు హాలు, వరండా, భోజనాల బల్ల దగ్గర. అక్కడ చూసేవాళ్లూ ఎక్కువ.

క్రాఫ్టు సంగతికి వస్తే కొంచెం కటువుగానే చెప్పాలి. స్కూలు ప్రాజెక్టు పేరుతో ఇంటికొచ్చే థర్మాకోల్ సౌర కుటుంబాలు, చార్మినార్‌లు, వర్షపు నీటి గుంటల నమూనాల్లో చాలావరకు రాత్రి పదకొండింటికి అమ్మో నాన్నో కూర్చుని చేసినవే. పిల్లలు జిగురు అందించి ఉంటారు. వాటిని షోకేసులో పెట్టి "మా వాడు చేశాడు" అంటే, అది అబద్ధమని ముందుగా తెలిసేది ఆ పిల్లవాడికే. వాడు తన చేత్తో చేసింది వేరే ఉంటుంది. అగ్గిపెట్టెలు అంటించిన రైలు, పిస్తా పెంకుల తాబేలు, ఒక చక్రం ఊడిన అట్ట లారీ. వంకరగా ఉన్నా పెట్టాల్సింది అదే.

ఇలాంటి వస్తువులకు చోటు పెట్టే పద్ధతి మనకు కొత్త కాదు. బొమ్మల కొలువు ఉంది. కొన్ని ఇళ్లలో సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకు, మూడో అయిదో ఏడో బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని పంచె పరిచి బొమ్మలు పేరుస్తారు. పై మెట్ల మీద దేవుళ్లు, కింది మెట్ల మీద కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు. మెట్ల ముందు నేల మాత్రం పిల్లలది. ఇసుక పోసి చెరువు చేస్తారు, పళ్లెంలో మట్టి పరిచి వారం ముందే ఆవాలో మెంతులో చల్లి పచ్చని పార్కు మొలిపిస్తారు, అట్టపెట్టెలతో ఊరు కడతారు, రైలు పట్టాలు వేస్తారు. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్లు పసుపు కుంకుమలు తీసుకుని, వంగి ఆ ఊరిని చూసి "ఈ వంతెన నువ్వే కట్టావా?" అని అడుగుతారు. ఆ పిల్లలకు ఆ ప్రశ్న చాలు. పండగయ్యాక బొమ్మలు పాత గుడ్డల్లో చుట్టుకుని ట్రంకు పెట్టెలోకి, అటక మీదికి వెళ్తాయి. మొలకల పళ్లెం చెట్ల మొదట్లోకి పోతుంది. ఒక మొదలు, చూడడానికి వచ్చే జనం, ఒక ముగింపు, మళ్లీ ఏడాదికి కొత్తది. కొలువు కట్టే అలవాటు లేని ఇంట్లో కూడా నెలకో ఆదివారం షోకేసులో ఒక అర ఖాళీ చేసి, పిల్లల చేతి వస్తువులు పేర్చి, పక్కింటి పిల్లల్ని పిలిస్తే అదే సందడి వస్తుంది. వాళ్లూ తమవి తెచ్చి పెడితే ఇంకా బాగుంటుంది.

దింపిన బొమ్మలన్నీ దాచడం కుదరదు, అవసరమూ లేదు. రష్యాలోని నొవ్గొరొద్ పట్టణంలో 1956లో తవ్వకాల్లో ఆన్‌ఫిమ్ అనే పిల్లవాడి బొమ్మలు దొరికాయి. పదమూడో శతాబ్దంలో, ఆరేడేళ్ల వయసులో భూర్జపత్రం మీద అక్షరాలు దిద్దుతూ మధ్యలో గీసుకున్నవి. గుర్రమెక్కి శత్రువును పొడుస్తున్న వీరుడి బొమ్మ వేసి పక్కన తన పేరే రాసుకున్నాడు. మనుషుల చేతి వేళ్ల లెక్క అక్కడా కుదరలేదు. అవేవీ ఎవరూ దాచినవి కావు, పారేసినవే. గాలి చొరని తడి మట్టిలో కూరుకుపోయాయి కాబట్టి ఏడు వందల ఏళ్లు నిలిచాయి.

మన వాతావరణంలో కాగితానికి ఆ అదృష్టం లేదు. చవక కాగితం ఎండకూ గాలికీ పచ్చబడి పెళుసవుతుంది. స్కెచ్‌పెన్ను రంగులు ఎండ పడే గోడ మీద ఒక్క వేసవిలోనే వెలిసిపోతాయి. క్రేయాన్ రంగు అంత తొందరగా వెలవదు, కానీ మైనం కాబట్టి ఎండాకాలంలో పై కాగితానికి అంటుకుంటుంది, మధ్యలో బటర్ పేపరు వేయాలి. క్రేయాన్ బొమ్మను లామినేషన్‌కు ఇస్తే ఆ వేడికి మైనం కరిగి పులుముకుంటుంది. పైగా ఒకసారి లామినేషన్ చేశాక మళ్లీ విప్పే దారి లేదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చెమ్మ, అన్నిచోట్లా చెదలు. గంజి, మైదా జిగురు వాడిన క్రాఫ్టులంటే పురుగులకు మరీ ఇష్టం. ఏడాదికి ఓ పది పదిహేను బొమ్మలు పిల్లలతో కలిసి ఎంచి, వెనకవైపు పెన్సిలుతో తేదీ, వయసు, వాళ్లన్న మాట రాసి, ఒక ఫైలులో పెట్టి బీరువా పై అరలో ఉంచితే చాలావరకు నిలుస్తాయి. ఎండిన వేపాకు వేయొచ్చు. కలరా ఉండలు వేస్తే పిల్లల చేతికి అందకుండా చూడాలి. మిగతావాటికి కిటికీ దగ్గర పగటి వెలుగులో ఫోటో తీస్తే సరి. పారేయడం మాత్రం పిల్లలు నిద్రపోయాక దొంగచాటుగా చేయకూడదు. పొద్దున్నే చెత్తబుట్టలో తన బొమ్మ చూసుకున్న పిల్లకు ఇంకే గోడా ఊరట ఇవ్వదు.

తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి కథ మారుతుంది. ఆ వయసులో బొమ్మ అచ్చం ఉన్నది ఉన్నట్టు రావాలని పిల్లలు కోరుకుంటారు. చెయ్యి కంటికి సరితూగదు, సిగ్గు మొదలవుతుంది. "నాకు బొమ్మలు రావు" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. గోడ మీద ఉన్న పాత బొమ్మలు తీసేయమంటారు, స్నేహితులు వచ్చే రోజైతే పట్టుబడతారు. అప్పుడు తీసేయాలి, "ఎంత ముద్దుగా ఉందో, ఉండనీ" అనకూడదు. అది వాళ్ల బొమ్మ. వాళ్ల గదిలో ఒక సాఫ్ట్‌బోర్డు, గుండుసూదులు ఇచ్చి ఏం పెట్టుకుంటారో వాళ్లకే వదిలేస్తే, కొన్నాళ్లకు క్రికెటర్ ఫోటో పక్కన ఒక కామిక్ ముక్కో, అక్షరాల డిజైనో కనిపించవచ్చు.

చేతికి ధైర్యం తగ్గే ఈ వయసులోనే మన బడుల్లో చాలాచోట్ల డ్రాయింగ్ పీరియడ్ కూడా మాయమవుతోంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఆదివారం పరీక్షలు. మన దేశంలో పిల్లల బొమ్మలకు గౌరవం లేకపోలేదు. కార్టూనిస్టు శంకర్ 1949లో మొదలుపెట్టిన పిల్లల చిత్రలేఖన పోటీ తర్వాత ప్రపంచ దేశాల పిల్లలను కలుపుకుంది. కానీ పోటీలో కొద్దిమందే గెలుస్తారు, బొమ్మ వేసుకునే హక్కు అందరిదీ. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల కార్డు చూసి లేచి వచ్చేసే ముందు, వారానికి ఎన్ని డ్రాయింగ్ పీరియడ్లు జరుగుతున్నాయో, ఆ పిల్లలు వేసినవి తరగతి బయట వరండాలో ఎందుకు లేవో అడగాలి. పది మంది తల్లిదండ్రులు అడిగితే ఏ స్కూలైనా ఒక గోడ ఖాళీ చేస్తుంది.